వేటకాని వీపుసంచి

వేటసంచిని గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయబూనుట కొందఱు చదువరులకు వింతగా దోపవచ్చును. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు వేటను ఇంచుమించు పూర్తిగా మాన్పించినవి. నల్లమలలో గాని పాపికొండలలో గాని వేటకై తుపాకి పట్టి తిరుగువాడు నేరస్థుడగును. అట్లుండుటయే మనకును మన యడవులకును మేలు. అయినను మన పూర్వవిద్యార్థులలో పెక్కుమంది యిప్పుడు అమెరికాలో కాపురములున్న సంగతి తలిదండ్రు లెఱిగినదే. అచ్చటి పడమటి రాష్ట్రములగు కొలరాడో, మోంటానా, వయోమింగు, ఐడహో మున్నగువానియందు వేట చట్టసమ్మతము. వేటపాఠములు నేర్చి, లైసెన్సు పొంది, నియమింపబడిన దినములలో నియమింపబడిన మృగమునే వేటాడవలయును. మనవారిలో కొందఱు తోడియుద్యోగులతో గూడి ఆ కొండలకు పోవుచున్నారు. సెలవులకు వచ్చినపుడు మాతో ముచ్చటించుటయు గలదు. తుపాకిని గూర్చి వారికి తెలియనిది లేదు. బూట్లను గూర్చి గంటసేపు చెప్పగలరు. సంచిమాట యెత్తినచో మాత్రము, "ఏదో పెద్దదే కొన్నామండీ" అని యూరకుందురు.

ఈ యుదాసీనత మాకు నచ్చలేదు. వేటకు కావలసిన వస్తువులలో మొట్టమొదట నాలోచింపవలసినది సంచియే యని మాయభిప్రాయము. మృగమును పడగొట్టుటకు తుపాకి చాలును. పడిన మృగముయొక్క మాంసమును చెడకుండ ఇంటికి జేర్చుటకు సంచియు, దానిని మోయగల వీపును కావలయును. ఆ రెండును లేనివానికి గుఱి పెట్టు హక్కు లేదని మేము నిస్సంశయముగా జెప్పుదుము.

మాట పెద్దదిగా దోచినచో లెక్క చూడుడు. ఎల్క్ అనునది మన కణుజువంటి జింకజాతి మృగము. రాకీ పర్వతములలోని మగ ఎల్క్ సుమారు 315 కిలోలు, ఆడుది సుమారు 225 కిలోలు తూగును. మగదానిని చర్మ మొలిచి, యెముకలు తీసివైచినను, తినదగిన మాంసము ఇంచుమించు 90 కిలోలు తేలును. వేటకాడు మోటారుబాటను విడిచి 8 కిలోమీటర్లు లోపలికి నడచి డేరా వేసికొనె ననుకొందము. మృగము డేరా ప్రక్కనే పడినదనియు ననుకొందము. అంతటి యదృష్టము అందఱికిని పట్టదు. ఒక్కొక్కసారి 22, 23 కిలోల చొప్పున మోసినచో మాంసమునకే నాలుగు మోపులు. డేరా, పడక, వంటసామగ్రి కొక మోపు. ఐదుసార్లు బరువుతో బయటికి రావలయును, నాలుగుసార్లు వట్టిచేతులతో లోపలికి పోవలయును. మొత్తము తొమ్మిది నడకలు, 72 కిలోమీటర్లు. అదియు తఱచుగా సముద్రమట్టమునకు 3,000 మీటర్ల యెత్తున, ఊపిరి చాలని పలుచని గాలిలో, బాట సరిగా లేనిచోట. మంచి చట్రముగల సంచి దొరకి, ఒడలు ముందుగా నలవాటుపడి, 30 కిలోలు మోయగలవానికి మాంసము మూడు మోపులే యగును. అప్పుడు నడక 56 కిలోమీటర్లు. తోడొకడున్నచో, 23 కిలోల మోపులతోనే, ఒక్కొక్కనికి 40 కిలోమీటర్లు. ఒంటరివాని విషయమున మంచిసంచికిని చెడ్డసంచికిని గల భేదము 16 కిలోమీటర్లన్నమాట. ఆ కొండలలో అది యొక దినపు నడక.

ఆ యొక్కదినములో మాంసము చెడిపోవచ్చును. విల్లంబులతో వేటాడు కాలము చాలచోట్ల సెప్టెంబరు మాసమున వచ్చును. అప్పటికి పగటియెండ వెచ్చగానే యుండును. పెద్దమృగముయొక్క తొడయెముక చుట్టునుండు మాంసములో వేడి నిలిచి లోపలినుండియే పులియ నారంభించును. కనుక వెంటనే చర్మ మొలిచి, ముక్కలు చేసి, గాలి చొరబాఱు పలుచని గుడ్డసంచులలో బెట్టి, నీడను వ్రేలాడగట్టవలయును. అంతచేసినను రాత్రులు చల్లగా లేనిచో గడియలు లెక్కపెట్టుకొనవలసినదే. "చంపితిమి గాని సగము తేలేకపోతిమి" అని నవ్వుచు జెప్పువారిని మేము వినియున్నాము. ఆ నవ్వునకు మేము తోడు నవ్వలేకపోతిమి.

అచ్చటి చట్టములును మాపక్షముననే యున్నవి. తినదగిన మాంసమును అడవిలో విడిచివచ్చుట ఆ రాష్ట్రములలో నేరము. అలాస్కాలో నియమము మఱింత గట్టిది. మూసు అను మహామృగమును చంపినవాడు మాంసమంతయు ముందుగా జేర్చిన పిమ్మట గాని, కడపటి మాంసపుమోపుతో గాని తప్ప కొమ్ములను బయటికి దేరాదు. కొమ్ములకై వచ్చువారిచేతనే మాంసము మోయించు నీ నియమము వ్రాసినవారికి అడవియు మనుష్యస్వభావమును రెండును తెలిసియుండవలయును. మఱియు 1964వ సంవత్సరపు విల్డర్‌నెస్ చట్టముక్రింద ప్రత్యేకింపబడిన యడవులలో మోటారుబండ్లు పోరాదు. సైకిలు సైతము పోరాదు. గుఱ్ఱమో, కంచరగాడిదయో, లేనిచో స్వంతవీపో శరణ్యము. గుఱ్ఱములను కుదుర్చుకొనగల ధనవంతులు కుదుర్చుకొందురు గాక. ఈ వ్యాసము వీపును నమ్ముకొన్నవారి కొఱకు.

సంచి యనగానే గుడ్డయు, జేబులును, పట్టెలును మన కన్నులకు గట్టును. అసలు చూడవలసినది చట్రము. మన పల్లెలలో కావడి మోయువానిని, నీళ్లబిందె నెత్తికెత్తుకొను ఇల్లాలిని చూచిన బాలురు ఈ సంగతిని సులభముగా గ్రహింపగలరు. చుట్టకుదురుమీద నిలిచిన బిందెభారము తలమీదుగా వెన్నెముకగుండ నిట్టనిలువుగా కాళ్లకు దిగును. అదే బిందెను ఒకచేత వ్రేలాడదీసికొని పోయినచో నూఱడుగులకే చేయి లాగును. బరువును ఎముకలు మోయవలయును. కండలు దానిని కదలకుండ పట్టుకొనిన జాలును. భుజములనుండి వ్రేలాడు మెత్తనిసంచి యందుకు విరుద్ధముగా బనిచేయును. అది వెనుకకు లాగును, మోయువాడు ముందునకు వంగును, వంగినకొలది మెడయు నడుమును నొచ్చును. కావడి మోయువాడు బ్రద్ద యూగు లయతో తన యడుగును కలుపుకొనుట మీరు చూచియే యుందురు. ఊగని, జాఱని బరువు సగము మోసినట్లే.

ఈ బాధను దొలగించుటకు మనుష్యులు చేసిన యత్నములలో వేటగాండ్రకు పెద్దపాలు గలదు. నార్వేదేశపు ఓలే బెర్గన్ అను నతడు 1908లో వేటకు పోయి, సంచి వీపును బాధింపగా విసిగి, జునిపరు కొమ్మను తన వీపువంపు ననుసరించి వంచి సంచికి గట్టెను. అమెరికాలో లాయిడ్ నెల్సన్ అను నతడు అలాస్కాలోని యాదిమవాసుల మోతసాధనమును చూచి, కొయ్యబద్దలతోను గట్టిగుడ్డతోను ఒక చట్రము కల్పించి 1924లో పేటెంటు పొందెను. ట్రాపర్ నెల్సన్ అను పేర అది యెన్నో యేండ్లు వేటకాండ్ర వీపులమీద నుండెను. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియము గొట్టములతో చట్రములు చేసి యమ్మసాగెను; సంచులు ఆయన భార్య కుట్టెడిది. ఆయన చట్రమునకు నడికట్టు చేర్చుటచే బరువు భుజములనుండి తుంటికి దిగెను. 1967లో గ్రెగ్ లో అను నతడు చట్రమును సంచి లోపలనే యమర్చెను. నేటి వేటసంచులలో మేలైనవి ఈ రెండుమార్గములను గలిపికొన్నవి: చట్రము వెలుపటిదానివలె బిఱుసుగా నుండును, వీపునకు లోపటిదానివలె హత్తుకొని యుండును.

వేటసంచికిని వట్టి కొండనడకకు వాడు సంచికిని ముఖ్యభేద మొకటి గలదు. నడకసంచి లోనికి పోవునపుడు బరువు, తినినకొలది తేలిక. వేటసంచి 18, 20 కిలోలతో లోనికి పోయి, అంతకు మించిన బరువుతో మఱల రావలయును. తేలికసంచులను మెచ్చుకొనువారు నేడు పెక్కురు. కిలో బరువైనను లేని సంచులు దొరకుచున్నవి. నడకకు అవి మంచివే, మేము కాదనము. వానిలో 30 కిలోలు పెట్టినచో గోనెవలె క్రుంగి నడికట్టు తొడలమీదికి జాఱును. వేటసంచి తానే 2.5 మొదలు 3.5 కిలోలవఱకు తూగుట తప్పు గాదు. ఆ బరువు చట్రములోను నడికట్టులోను ఉన్నదా, జేబులలోను జిప్పులలోను ఉన్నదా యని మాత్రము విచారింపవలయును. అంగడిలో మనకు చూపబడునవి యెప్పుడును జేబులే.

మఱియొక లక్షణము: సంచి చట్రమునుండి యెడమై, నడుమ మాంసము పెట్టుకొనుటకు అరవంటి తావు ఉండవలయును. బరువైనది వీపు కెంత దగ్గఱగా, భుజపుటెముకల మట్టమున నెంత చేరువగా నుండిన నంత సుఖము. మాంసమును సంచికి వెలుపలివైపున గట్టువాడు మోపునకు మోపు వెనుకకు పడును. ఈ యర వలన వేఱొక లాభము గలదు. మాంసపునెత్తురు పడకకును బట్టలకును తగులదు. దీనిని సుకుమారమని త్రోసివేయరాదు, ఏలయన మోంటానా, వయోమింగు కొండలలో గ్రిజ్లీ యెలుగుబంట్లు గలవు. నెత్తురువాసన గల సంచిని తలక్రింద బెట్టుకొని నిద్రించుట వివేకము గాదు. మాంసమును డేరాకు కనీసము నూఱు గజముల దూరమున చెట్టుకొమ్మకు గట్టి, సంచిని కడిగి, ఎడముగా నుంచవలయును. కడుగుటకు వీలుగా సంచిని చట్రమునుండి విడదీయవచ్చునా యని కొనునపుడే చూచుకొనుట మేలు.

ఇక కొలత. పొడవైన మనుష్యునికి పొడవైన సంచి యను లెక్క తప్పు. పొడవు కాళ్లలో నుండవచ్చును. తల వంచినపుడు మెడవెనుక చేతికి దగులు గుబ్బపూస మొదలుకొని, రెండుచేతులు నడుముమీద బెట్టుకొనినపుడు బొటనవ్రేళ్లకు దగులు తుంటియెముకల పైయంచు మట్టమువఱకు, వెన్నువెంబడి టేపుతో గొలువవలయును. ఆ కొలతకు సరిపడు చట్రమునే కొనవలయును, లేదా ఆ కొలతకు సవరించుకొనదగినదానిని. నడికట్టు ఆ యెముకలమీద గూర్చుండవలయును, బొడ్డుమీద గాదు. అప్పుడు బరువులో మూడువంతులు తుంటికి దిగి, భుజములకు నాలుగవవంతే మిగులును. భుజపుపట్టెల మీదినుండి చట్రపు తలకు బోవు చిన్నపట్టెలు, సంచి వెనుకకు వాలకుండ ముందుకు లాగిపట్టునవి, భుజమునుండి యేటవాలుగా పైకి పోవలయును. అవి అడ్డముగా గాని క్రిందికి గాని పోవుచున్నచో చట్రము పొట్టిది; ఎంత వెల తగ్గించినను కొనరాదు. మన పిల్లలు కొందఱు బక్కపలుచనివారు. వారికి నడికట్టు పూర్తిగా బిగించినను వదులుగా నుండు సంచులు గలవు. ఇట్టివారు స్త్రీలకై చేసినదానిని గాని, బాలురకై చేసినదానిని గాని తొడిగి చూచుటకు సిగ్గుపడనక్కఱలేదు.

తలిదండ్రుల కొక్కమాట యిచ్చటనే చెప్పుట తగును. 2020వ సంవత్సరపు పాఠశాలసంచుల విధానమునందు మన కేంద్రప్రభుత్వము విద్యార్థి సంచి బరువు ఒంటిబరువులో పదియవవంతు మించరాదని చెప్పినది. పెద్దవారు దినముల తరబడి కొండలు నడచునపుడు అయిదవవంతు మేర యని నడకరులు సాధారణముగా లెక్కింతురు. మాంసపుమోపు ఈ మేరను దాటును. అందుచే అది పెరుగు వయస్సున నున్న బాలునిచే మోయింపదగిన బరువు గాదు. తండ్రితో వేటకు పోవు కుఱ్ఱనికి వాని డేరాబట్టయు, తిండియు, నీళ్లును చాలును. కొందఱు తండ్రులు కుఱ్ఱవానిని గట్టిపఱుచుటకని పెద్దమోపు నెత్తింతురు. దీనిని మేము మెచ్చుకొనజాలము.

సంచి యెంత పెద్దదిగా నుండవలయునను ప్రశ్నకు జవాబు అంగడిలో లేదు, ఇంటినేలమీద నున్నది. పడక, డేరా, చలిబట్టలు, వంటపాత్ర, తిండి, నీళ్లు, మందులు, దీపము, కత్తి, గుడ్డసంచులు, అన్నిటిని నేలమీద బఱచి చూచిన పిమ్మట కొలత తేలును. ఒకరాత్రికి 45, 50 లీటర్లు చాలును. మూడు మొదలు అయిదు రాత్రులకు 65 నుండి 80 లీటర్లు. అవసరముకంటె పెద్దసంచి కొన్నవాడు ఖాళీ చూచి యోర్వలేక నింపును. ప్రక్కపట్టెలతో బిగించి పగటిపూట చిన్నసంచివలె చేసికొనదగినదైనచో రెండవ సంచి కొను ఖర్చు తప్పును.

గుడ్డ విషయమున వేటకాడు చెవితో కొనవలయును. గోటితో గీచి వినినచో బరబరలాడు గుడ్డ అడవిలో పొదలకు రాచుకొని జింకను రెండునూఱు గజములనుండియే లేపివైచును. మిక్కిలి తేలికయైన సరిక్రొత్త గుడ్డలలో కొన్ని యిట్టివే. దట్టమైన నైలానుగుడ్డ, పైన కొంచెము మెత్తన గలది, మాకు సరియైనదిగా దోచును. పొదలరంగు సంచులమోజు ఎక్కువ గాని, రంగునుగూర్చి జింకకంటె తోడివేటకాండ్రకే యెక్కువ భయపడవలయును. కొలరాడోలో రైఫిలుతో వేటాడువాడు నడుముకు పైభాగమున 500 చదరపుటంగుళముల మేర మెఱయు నారింజరంగు గాని గులాబిరంగు గాని యన్నివైపులనుండి కనబడునట్లు ధరింపవలయును, టోపీయు నారంగుదే కావలయును. ఎనుబది లీటర్ల ఆకుపచ్చసంచి వీపున తగిలించినచో వెనుకనుండి చూచువానికి ఆ నారింజచొక్కా యేమి కనబడును? అందుచే సంచిపై కప్పుకొను నారింజగుడ్డ యొకటి వెంటనుంచుకొనుట మంచిది. మాంసము మోసికొని వచ్చునపుడది మఱియు నవసరము, ఏలయన అప్పుడు మనుష్యుడు మృగపుతొడలను వీపున బెట్టుకొని పొదలలో గదలుచున్నాడు.

వెలనుగూర్చి కొంచెమే చెప్పుదుము. మేలిరకపు వేటసంచి వెల తుపాకివెలతో సరితూగుటయు గలదు. అంత పెట్టలేనివారు పాత అల్యూమినియము చట్రమును, నడికట్టు బాగుగా నున్నదానిని, వాడినవాని యొద్ద కొనుట మేలు. అది గీఱునవ్వినట్లు చప్పుడు చేయుచో కీళ్లకు గుడ్డ చుట్టవచ్చును. చవుకబాఱు క్రొత్తసంచి, పైకి మెఱయుచు నడికట్టులో దమ్ములేనిది, అన్నిటికంటె ఖరీదైన బేరము.

కొన్నది పనికివచ్చునో లేదో తెలిసికొనుటకు ఎల్క్ పడువఱకు ఆగనక్కఱలేదు. అమెరికాలోని మనవారి యిండ్లలో 20 పౌనుల బియ్యపుసంచులు ఎప్పుడు నుండును. ఒక్కొక్కటి సుమారు 9 కిలోలు. మొదట రెండింటిని, తరువాత మూడింటిని చట్రమునకును సంచికిని నడుమ నర మీద బిగించి, దగ్గఱనున్న గుట్టను గంటసేపు ఎక్కి దిగవలయును. నడికట్టు జాఱెనా, చట్రము కిఱ్ఱుమనెనా, భుజములు తిమ్మిరెక్కెనా గుర్తించి వ్రాసికొనవలయును. దిగుచున్నపుడు మోకాళ్లు వణకినచో లోపము సంచిది గాదు, అలవాటుది. వారమునకు మూడుసార్లు నడచుటయే దానికి మందు. ఈ పనియంతయు జూలైలో మొదలుపెట్టినచో, సరిపడని సంచిని అంగడివానికి మఱల నిచ్చి వేఱొకటి తెచ్చుకొనుటకును, మూడవ బియ్యపుసంచి మోయలేనిచో ఆ యేడు మోటారుబాటకు దగ్గఱనే వేటాడుదునని నిశ్చయించుకొనుటకును వ్యవధి యుండును.